అవ్వ పాటల పుస్తకం, నా మ్యాక్రోలు

చేసిన పనే రెండోసారి చేయమంటే నాకు ఒళ్ళు మండుతుంది. చిన్నప్పటినుంచీ అంతే. ఎక్కాలు పదిసార్లు రాసుకురమ్మంటే రెండు పెన్నులు పక్కపక్కన పెట్టి, రబ్బరుబ్యాండు చుట్టి, ఒకేసారి రెండు వరుసలు రాసిన రకాన్ని. మా టీచరు కనిపెట్టి రెండు అరచేతుల మీదా వడ్డించింది, పెన్నుకొకటి చొప్పున. అలాంటిదాన్ని తీసుకొచ్చి బెంగళూరు మహదేవపురలో ఒక ఆఫీసు కుర్చీలో కూర్చోబెట్టి, ఆసుపత్రి యంత్రాలు ఎలా వాడాలో చెప్పే పుస్తకాలు దిద్దమన్నారు. నాలుగు వందల పేజీలు. ప్రతి వాక్యం తర్వాత రెండు ఖాళీలుంటే ఒకటి తీసేయాలి. ప్రతి బొమ్మ కిందా పేరు వాలు అక్షరాల్లోకి మార్చాలి. వారం రోజులు చేశాను. తల ప్రాణం తోకకొచ్చింది. పక్క సీటాయన, ఒక కన్నడ పెద్దమనిషి, నా మొహం చూసి జాలిపడి, "చేత్తో ఎందుకు మేడం, మ్యాక్రో రాసుకోండి" అన్నాడు.

మ్యాక్రో అంటే బ్రహ్మవిద్యేమీ కాదు. వర్డ్ ప్రాసెసర్‌లో మన చేతులు చేసే పనిని వరుసగా రాసి పెట్టడం. ఇది వెతుకు, దొరికితే తీసేయ్, దాని బదులు ఇది పెట్టు, కిందికి వెళ్ళు, ఫైలు అయిపోయేదాకా ఇదే చెయ్యి. ఆ తర్వాత ఒక్క కీ నొక్కి టీ తాగి వచ్చేసరికి నాలుగు వందల పేజీలూ దిద్దుకుని బుద్ధిగా కూర్చుని ఉంటాయి. మొదటిసారి నా మ్యాక్రో నడిచినప్పుడు పేజీలు వాటంతటవే పరుగెత్తడం చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. అంత సంతోషం నాకు పెళ్ళిచూపుల్లో కూడా కలగలేదు, ఈ మాట మా ఆయనకీ తెలుసు. ఆ నెలలోనే ఆఫీసులో నాకు మ్యాక్రో అక్క అని పేరు పడిపోయింది.

దెబ్బలూ తిన్నాననుకోండి. మా పుస్తకాల్లో మెతక మాటలు పనికిరావు. యంత్రం ముందు మనిషి తటపటాయించకూడదని కంపెనీ నియమం. అందుకని 'చేస్తే మంచిది' అనే ఇంగ్లీషు 'షుడ్' ఉన్న ప్రతిచోటా 'చేసి తీరాలి' అనే 'మస్ట్' పెట్టే మ్యాక్రో ఒకటి రాశాను. ఒకరోజు అది తెరిచి ఉన్న ఫైళ్ళన్నిటి మీదా తిరిగేసింది. వాటిలో పక్క సీటాయన నా కంప్యూటర్లో టైపు చేసుకున్న సెలవు చీటీ కూడా ఉంది. నాకు మూడు రోజులు సెలవిస్తే మంచిదని ఆయన వినయంగా రాసుకుంటే, ఇచ్చి తీరాలి అన్నట్టుగా మేనేజరు బల్ల మీదికి వెళ్ళింది. మేనేజరు నోరెత్తకుండా సంతకం పెట్టాడు. అప్పటినుంచీ పక్క సీటాయనకు నా మ్యాక్రోల మీద గౌరవం ఇంకా పెరిగింది.

మేముండేది హెబ్బగోడిలో. మా ఆయన పని బొమ్మసంద్రలో ఒక ప్లాంటులో, నా పని మహదేవపురలో. ఆయనకు పది నిమిషాల దారి, నాకు ఆఫీసు బస్సులో ఒక జన్మ. ట్రాఫిక్కులో బస్సు కదలకపోతే అందరూ డ్రైవరును తిట్టుకుంటారు, నేను ఒళ్ళో లాప్‌టాప్ తెరుచుకుంటాను. నా మంచి మ్యాక్రోలన్నీ రింగురోడ్డు మీద పుట్టినవే.

ఆదివారాలు ఇంటి దగ్గరే, ఒక స్కూలు హాల్లో జరిగే మా తెలుగు క్రైస్తవ ఆరాధనకు వెళ్తాం, మా ఆయన పుణ్యమా అని నా మ్యాక్రో అక్క పేరు అక్కడికీ చేరింది. నర్సులు, టీచర్లు, ప్లాంటుల్లో పనిచేసేవాళ్ళు, మాలాగా ఆంధ్రా నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ. తాతల కాలంనుంచీ ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. పాట ఎత్తుకునే అవ్వ ఆ పాత కుటుంబాల మనిషి. మా కోస్తా వైపైతే మామ్మగారూ అనేదాన్ని. ఇక్కడ పిల్లా పెద్దా అందరూ అవ్వా అంటుంటే నేనూ అవ్వా అనడం మొదలుపెట్టాను. డెబ్భై దాటినా గొంతు కంచుగంట. ముప్పై ఏళ్ళుగా ప్రతి పాటా ఆవిడే ఎత్తుకోవాలి, మిగిలినవాళ్ళం అందుకోవాలి. ముందు వరుసలో నిలబడి, పాటల పుస్తకం రెండు చేతులతో తెరిచి పట్టుకుని, నెంబరు చెబుతుంది. అంతే, తబలా మొదలవుతుంది.

మా దగ్గర పాటలకు పేర్లుండవు, నెంబర్లే. ఎప్పుడో ఎవరో చేత్తో రాసి జిరాక్సు తీయించిన పుస్తకం అది. దాన్నే మళ్ళీ మళ్ళీ జిరాక్సు తీసుకుంటూ వచ్చారు. తొంభై పాడకపోతే పెళ్ళి జరిగినట్టు కాదు. నైట్ డ్యూటీలు వరుసగా పడ్డ నర్సును ఎలా ఉన్నావని అడిగితే "అరవై రెండు, అక్కా" అంటుంది. అరవై రెండు కన్నీళ్ళ పాట. నూట పద్నాలుగు తుఫానులో పడవ పాట, అదంటే అందరికీ ప్రాణం. పుస్తకంలో దానికి నాలుగు చరణాలున్నా మేం మూడే పాడతాం. అవ్వ మూడోదాంతో ఆపేస్తుంది కాబట్టి అందరం ఆపేస్తాం. అదేదో పాత ఆచారమనుకుని నేనెప్పుడూ అడగలేదు.

కిందటేడు వార్షికోత్సవానికి రెండు వారాల ముందు పాస్టరుగారు ఒక సంతోషకరమైన ప్రకటన చేశారు. ఇకమీదట పుస్తకాలు మోయక్కర్లేదు, ప్రొజెక్టరు వస్తోంది, పాటలు తెర మీద పడతాయి అన్నారు. అందరం చప్పట్లు కొట్టాం. "వార్షికోత్సవం రోజు మొదటి పాట కొత్తది పాడుకుందాం. మన నర్సమ్మ సొంతంగా రాసింది. అవ్వగారూ, తెర మీద చూస్తూ మీరే ఎత్తుకోవాలి" అన్నారు. ఆయన గౌరవంగానే అన్నారు. అవ్వ తల ఊపింది కానీ మొహంలో కళ లేదు.

ఆ రోజు ప్రార్థన అయ్యాక చెప్పులు వేసుకుంటుంటే వెనకనుంచి నా చెయ్యి పట్టుకుంది.

"పాపా, నువ్వు కంప్యూటర్లో పని చేస్తావంట గదా. నాకొక బుక్కు వేసియ్యమ్మా. ఈ జిరాక్సు ఏమీ కనపడేలేదు. కండ్లు మంజు మంజుగా ఉండాయి. పెద్దగా వెయ్యాల. నెంబరు బాగా కనపడాల."

"అదెంత పని అవ్వా, వారంలో ఇచ్చేస్తాను" అన్నాను. పెద్ద అక్షరాల పుస్తకం చేతిలో ఉంటే తెర వచ్చినా ఆవిడే ధీమాగా పాట ఎత్తుకుంటుంది, అంతే కదా అనుకున్నాను. నెంబరు బాగా కనపడాలి అన్న మాట నా చెవిని తాకి పక్కనుంచి పోయింది.

ఆ కొత్త పాట రాసిన నర్సే లాక్‌డౌన్‌లో డ్యూటీ లేని రోజుల్లో పాత పుస్తకమంతా ఫోనులో టైపు చేసి పెట్టిందట. తన పాటను కూడా చివర్లో చేర్చి ఆ ఫైలు నాకు పంపింది. తెరిచి చూసి తల పట్టుకున్నాను. పాపం పిల్ల భక్తితో చేసింది, కాదనను. కానీ లైను మధ్యకు రావాలంటే ముప్పై ఖాళీలు కొట్టింది. పేజీ మారాలంటే లైను మారే కీ ఇరవైసార్లు నొక్కింది. పల్లవి మళ్ళీ పాడాల్సిన చోట ఒక పాటలో రెండు గీతలు, ఇంకో పాటలో మూడు చుక్కలు, ఒకచోట ఏకంగా 'పైదే' అని రాసింది. నాకు ఒళ్ళు మండటానికి బదులు పండగొచ్చినట్టయింది. ఇన్ని తప్పులు ఒక్కచోట దొరకడం ఆఫీసులో కూడా అరుదు.

నాలుగు రోజులు బస్సులో ఆనందంగా గడిపాను. ఖాళీలు ఊడ్చేసే మ్యాక్రో ఒకటి. గీతలూ చుక్కలూ 'పైదే'లూ ఎక్కడున్నా అక్కడ ఆ పాట పల్లవిని పూర్తిగా తెచ్చి పెట్టే మ్యాక్రో ఒకటి. ప్రతి పాటా కొత్త పేజీలో మొదలుపెట్టి, అక్షరాలు వేలెడంత చేసే మ్యాక్రో ఇంకొకటి. సిల్క్ బోర్డు దగ్గర బస్సు గంటసేపు ఆగితే నాకు చాలలేదు. ఇక నెంబర్ల దగ్గరికొచ్చాను. ముప్పై ఏడు లేనే లేదు. అరవై ఒకటి రెండున్నాయి. నూట యాభై తర్వాత నూట యాభై మూడు. నా చేతులు ఊరుకుంటాయా? పాటలన్నీ అకారాది క్రమంలో పేర్చి, ఒకటి నుంచి చక్కగా వరుస నెంబర్లు వేసే మ్యాక్రో రాసి నడిపించాను. ముద్రించి స్పైరల్ బైండు చేయించి, నా అంతటిదాన్ని నేనే అనుకుంటూ శనివారం సాయంత్రం పాటల ప్రాక్టీసుకు తీసుకెళ్ళాను.

అవ్వ పుస్తకాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది. పేజీలు తిప్పి నెంబర్ల మీద వేలు పెట్టి చూసుకుని మురిసిపోయింది. నన్ను పక్కనే నిలబెట్టుకుంది. "నూటా పద్నాలుగు" అని చెప్పి కొత్త పుస్తకంలో ఆ పేజీ తీసింది. అందరూ పాత జిరాక్సుల్లో తీశారు. తబలా మొదలైంది.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. నేను నెంబర్లు మార్చేశాను. అవ్వ చేతిలోని నూట పద్నాలుగో పేజీలో ఉన్నది తుఫాను పాట కాదు, పెళ్ళి పాట. అయిపోయింది, ఈవిడ పెళ్ళి పాట ఎత్తుకుంటుంది, అందరూ తుఫాను పాట అందుకుంటారు, నా పరువు గంగలో కలుస్తుంది అనుకున్నాను. అవ్వ ఎత్తుకుంది. తుఫాను పాటే. ఒక్క మాట పొల్లుపోకుండా, ఎప్పటిలాగే కంచుగంటలా పాడుతోంది. కళ్ళు పేజీ మీదే ఉన్నాయి. చూపుడు వేలు లైను కింద లైనుగా నడుస్తోంది. నోటిలో అలలూ గాలీ పడవా, వేలి కింద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ. రెండో చరణం రాగానే వేలు రెండో చరణం దగ్గరికి దిగింది. మూడో చరణం అయ్యాక పుస్తకం మూసి, కళ్ళు తుడుచుకుంది.

అవ్వ చదవడం లేదు. ముప్పై ఏళ్ళుగా మేమందరం చూస్తున్న ఆ వేలు అక్షరాల వెంట నడవడం లేదు.

ప్రాక్టీసు అయ్యాక ఆవిడను ఇంటిదాకా దించడానికి వెళ్ళాను. రెండు వీధులే. పూలమ్మే ఆమె బండి దాటాక అవ్వే మొదలుపెట్టింది.

"చూసినావు గదా పాపా."

"నెంబర్లు నేనే తప్పు వేశానవ్వా. మార్చి తెస్తాను."

"నెంబరు సంగతి కాదులే. నేను చదవలేదని చూసినావు. నీ మొకంలోనే ఉండాది."

అవ్వ మెట్టు దొరికిన చోట కూర్చుని, నన్నూ కూర్చోమంది.

"ఇస్కూల్లో నాలుగు వరకు కన్నడమే చదివినాను. ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ అక్షరాలు నాకెవరు నేర్పిచ్చినారు? సంఘంలో గొంతు బాగుండాదని పాట ఎత్తమన్నారు, చేతిలో బుక్కు పెట్టేసినారు. ఆ పొద్దే రాదని చెప్పింటే సరిపోయుండు. సిగ్గయింది, చెప్పలే. దినాలు పోతాపోతా చెప్పేకి ఇంకా సిగ్గయింది."

"మరి ఇన్ని పాటలు ఎలా అవ్వా?"

"మా ఆయన మదనపల్లి మనిషి. తెలుగు చదివినాడు. ఒక్కో పాట మూడు దినాలు చదివి చెప్తా ఉండె. ముందు నెంబరు చెప్పేది, ఆమేలె పాట. నెంబరు వింటే చాలు, పాట దానంతట అదే వచ్చేస్తాది. బుక్కు ఊరికే పట్టుకునేదానికి. పేజీ తప్పు తీస్తే పక్కోళ్ళు చూస్తారు గదా, దానికే నెంబరు పెద్దగా వెయ్యమన్నాను. ఆయన పోయి తొమ్మిదేండ్లాయె."

తొమ్మిదేళ్ళు. అవ్వ కొత్త పాటలు రానివ్వదనీ, పాతవి పట్టుకుని వేలాడుతుందనీ సంఘంలో అందరూ నవ్వుతూ అంటుంటారు. నేనూ అన్నాను, ఒకసారి కాదు. తొమ్మిదేళ్ళుగా ఆవిడకు ఒక్క పాట చదివి చెప్పేవాళ్ళు లేరని ఎవరికి తెలుసు? నా నోరు నేనే నొక్కుకోవాలనిపించింది.

"కొత్త పాట నేను రికార్డు చేసి ఇస్తాను, విని నేర్చుకోండి" అన్నాను.

"ఒక పాటకు సరే. తెర మీద వారం వారం కొత్తది వస్తాది. వారం వారం నీ ఇంటి ముందర నిలబడేదా? వద్దులే. కండ్లు కనపడలేదని చెప్పి మానేస్తాను. వార్షికోత్సవానికి ముందే పాస్టరుకు చెప్పేస్తా. నువ్వు మాత్రం ఎవరికీ ఏమీ చెప్పొద్దు." లేచి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. "బుక్కు చానా బాగా వేసినావు. నూటా పద్నాలుగును ఎక్కడికి తోసినావో అది మాత్రం మళ్ళీ దాని తావులో పెట్టు."

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. పాడటం మానేసిన అవ్వను ఊహించుకోవడం నావల్ల కాలేదు. ఆవిడ పాట ఎత్తకుండా వార్షికోత్సవం ఏమిటి, ఆ తర్వాతి ఆదివారాలేమిటి? వార్షికోత్సవం ఇంకా ఎనిమిది రోజులుంది.

సోమవారం బస్సులో ముందు పాత నెంబర్లు వెనక్కి తెచ్చాను. అసలు ఫైలు దాచుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. ముప్పై ఏడు లేదు, లేనట్టే ఉంచాను. రెండు అరవై ఒకట్లనూ ఉంచాను. అంతా అయ్యాక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. బస్సు కదలడం లేదు. ఎదురుగా ఒక బేకరీ బోర్డు ఉంది. పదిహేనేళ్ళుగా చూస్తున్న బోర్డే. నాకు కన్నడ చదవడం రాదు. కానీ ఆ అక్షరాలు మన అక్షరాలకు పినతల్లి బిడ్డల్లా ఉంటాయి, తలకట్టు కాస్త వేరుగా పెట్టుకుంటాయంతే. వాటివంక చూస్తుంటే కంప్యూటర్లో ఆ రెండు భాషల అక్షరాలూ ఎలా దాచి ఉంటారా అనిపించింది.

కంప్యూటర్‌కు అక్షరం తెలియదు, నెంబరే తెలుసు. మన అవ్వలాగే. ప్రతి భాషలో ప్రతి అక్షరానికీ ఒక నెంబరుంటుంది. ఆ పట్టిక తెరిచాను. తెలుగు 'క' నెంబరు 3093. కన్నడ 'క' నెంబరు 3221. తేడా నూట ఇరవై ఎనిమిది. సరే, తెలుగు 'మ' 3118, కన్నడ 'మ' 3246. తేడా నూట ఇరవై ఎనిమిది. గుణింతాలు చూశాను, సున్న చూశాను, ఒత్తు పెట్టే గుర్తు చూశాను. అంతా నూట ఇరవై ఎనిమిదే. ఎవరో మహానుభావులు రెండు భాషల అక్షరాలనూ ఒకే వరుసలో నిలబెట్టి, మధ్యలో సరిగ్గా నూట ఇరవై ఎనిమిది అడుగుల దూరం ఉంచారు. ఒక అక్షరాన్ని తీసుకుని నూట ఇరవై ఎనిమిది కలిపితే చాలు, మాట తెలుగుదే, చదివే అక్షరం కన్నడది. నేను గట్టిగా నవ్వాను. పక్కనున్నమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీసి, "అంతా ఓకేనా అక్కా?" అంది.

ఆరు లైన్ల మ్యాక్రో. నా జీవితంలో అంత చిన్నది రాయలేదు. కీ నొక్కాను. పేజీలు పరుగెత్తాయి. చూస్తే ఏముంది, ఒక ముద్ద. తొందరలో నేను అక్షరాలకే కాదు, ఖాళీలకూ కామాలకూ లైను మారే గుర్తులకూ కూడా నూట ఇరవై ఎనిమిది కలిపేశాను. పాటలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పాటల నెంబర్లలో ఒకట్లన్నీ ప్లస్ కింద మైనస్ గుర్తులయ్యాయి. నూట పద్నాలుగు చూస్తే లెక్కల మాస్టారికి కూడా పిచ్చెక్కేలా ఉంది. మళ్ళీ మొదటికొచ్చి, తెలుగు అక్షరమైతేనే కలుపు, కాకపోతే ముట్టుకోకు అని ఒక షరతు పెట్టాను. ఈసారి పేజీలు పరుగెత్తి ఆగాక తెరనిండా గుండ్రటి కన్నడ అక్షరాలు, మధ్యలో మన పాత నెంబర్లు కుదురుగా నిలబడి ఉన్నాయి.

ఒక్కటే చిక్కు. అది సరిగ్గా వచ్చిందో లేదో నాకు తెలియదు. నేను చేసిన పుస్తకాన్ని నేను చదవలేను. పక్క సీటాయనకు చూపిద్దామంటే ఆయన ఆ వారం సెలవులో ఉన్నాడు, ఈసారి మామూలు చీటీతోనే. బుధవారం సాయంత్రం ప్రింటు తీయించి, బైండు చేయించి, గుండె చిక్కబట్టుకుని నేరుగా అవ్వ ఇంటికి వెళ్ళాను.

అవ్వ వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పుస్తకం చేతిలో పెట్టి, చివరి పేజీ తెరిచాను. రెండు వందల పంతొమ్మిది, నర్సు రాసిన కొత్త పాట. ఎవరూ ఆవిడకు చదివి చెప్పని పాట.

అవ్వ పేజీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది. వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చూసింది. నేను చేసింది అంతా తప్పేనేమో అనుకున్నాను. తర్వాత పెదవులు కదిలాయి. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, నాలుగో తరగతి పిల్లలా, ఒక మాట చదివింది. ఇంకో మాట చదివింది. మొదటి లైను పూర్తయ్యాక తలెత్తి నావైపు చూసింది.

"ఇది మన తెలుగే గదా పాపా."

"తెలుగే అవ్వా."

"కన్నడ అక్షరాల్లో తెలుగు మాట. ఎట్ల చేసినావే తల్లీ?"

"ఒక్కో అక్షరానికి నూట ఇరవై ఎనిమిది కలిపానవ్వా" అన్నాను. ఆవిడకు అర్థం కాలేదు, పట్టించుకోనూలేదు. చిక్కుడుకాయల చేట పక్కకు తోసేసి పేజీలు తిప్పడం మొదలుపెట్టింది. తొంభై చదివింది. అరవై రెండు చదివింది. తెలిసిన పాటలే, కానీ ప్రతి లైనూ చదివి ఆశ్చర్యపోతోంది. నూట పద్నాలుగు దగ్గర ఆగిపోయింది. వేలు కిందికి దిగింది, ఆగింది, మళ్ళీ పైనుంచి దిగింది.

"ఈడ నాలుగో చరణం ఉండాది."

"ఉంది కదా అవ్వా. పుస్తకంలో ఎప్పుడూ ఉంది. మీరే మూడోదాంతో ఆపేస్తారు."

"ఆయన నాకు మూడే చెప్పినాడు." ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. "మూడో దినం నిద్ర వస్తాదని ఒకటి ఎగ్గొట్టినాడు. ఇన్నేండ్లూ నన్ను, సంఘాన్నంతా మూడు చరణాలతోనే ఆడించినాడు సూడు." నవ్వుతూ నవ్వుతూనే కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. ఇద్దరం కలిసి చిక్కుడుకాయలు ఒలిచేశాం.

వార్షికోత్సవం రోజు హాలు నిండిపోయింది. తెర కట్టారు, ప్రొజెక్టరు వెలిగింది, తెల్లటి తెర మీద కొత్త పాట తెలుగు అక్షరాలు మెరుస్తున్నాయి. అవ్వ ముందు వరుసలో నిలబడి తన పుస్తకం తెరిచింది. పాట ఎత్తుకుంటుందని అందరం ఎదురుచూశాం. ఎత్తుకోలేదు. సంఘం వైపు తిరిగింది.

"వందనాలు. ఒక మాట చెప్పాల. నాకు తెలుగు చదివేకి రాదు. ముప్పై ఏండ్లుగా బుక్కు ఊరికే పట్టుకోని ఉంటి. ఈ పాప నాకు కన్నడ అక్షరాల్లో వేసిచ్చినాది. ఇప్పుడు చదివి పాడతాను, వినండి."

పాస్టరుగారు ఏదో అనబోయారు. ఇంతలో తబలా ముందు కూర్చున్నాయన, ఆయనా పాత కుటుంబాల మనిషే, యాభై దాటినవాడు, మెల్లిగా చెయ్యెత్తాడు. "అవ్వా, నాకూ ఒకటి కావాల. నేనూ తెలుగు బుక్కు ఊరికే ముందర పెట్టుకుంటా ఉంటా" అన్నాడు. వెనకనుంచి ఒకామె "మా ఇంటాయనకు" అంది. ఇంటాయన పక్కనే కూర్చుని నవ్వుతున్నాడు. బెంగళూరు స్కూళ్ళలో కన్నడా ఇంగ్లీషే చదువుకునే మా పిల్లలు ఒకేసారి చేతులెత్తారు. హాలంతా నవ్వులే. పాస్టరుగారు కూడా నవ్వి, "వచ్చే ఆదివారం నుంచి తెర మీద రెండు రకాల అక్షరాలూ వేద్దాం. మ్యాక్రో అక్కగారు చేసిపెడతారు" అన్నారు. చేయనని నేనెలా అంటాను? ఒక్క కీ.

అవ్వ కొత్త పాట ఎత్తుకుంది. రెండుచోట్ల తడబడింది, ఒకచోట ఆగి కూడబలుక్కుంది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి అవ్వ పాటలో తడబాటు విన్నాం. ఆవిడ నిజంగా చదువుతోందని దానివల్లే అందరికీ తెలిసింది. పాట రాసిన నర్సు చున్నీతో మొహం దాచుకుని ఏడ్చింది.

చివరి పాట నూట పద్నాలుగు. పాత పాటలు ఇంకా తెర మీదికి ఎక్కలేదు కాబట్టి అందరూ జిరాక్సులే తీశారు. నా జిరాక్సు ఎవరికో ఇచ్చేశాను. అవ్వ పక్కన నిలబడి, ఆవిడ పుస్తకంలోనే చూస్తూ పాడాను, అంటే చూస్తున్నట్టు నటించాను. నాకు ఆ పేజీలో నెంబరు తప్ప ఒక్క ముక్క తెలియదు. ఊరికే ఉండలేక నేనూ వేలు పెట్టి లైను కింద లైనుగా నడిపించాను. మూడో చరణం అయిపోయింది. అలవాటు ప్రకారం తబలా ఆగింది. అందరూ పుస్తకాలు మూశారు. నేను వేలు తీసేయబోయాను.

అవ్వ ఆపలేదు. ఒక్కతే, ఎవరూ ఎప్పుడూ పాడని నాలుగో చరణం ఎత్తుకుంది. పుస్తకాలు మళ్ళీ చప్పుడు చేస్తూ తెరుచుకున్నాయి. తబలా వెతుక్కుంటూ వచ్చి కలిసింది. అవ్వ పాడుతూనే నా వేలిని తన వేళ్ళతో పట్టుకుంది. అది పొరపాటున రెండో చరణం మీద ఉంది. దాన్ని తెచ్చి నాలుగో చరణం మొదటి అక్షరం మీద పెట్టి, నాకు అర్థమయ్యేలా, ఒక్కో మాట కిందా మెల్లగా నడిపించింది.